పై ఫ్లాటులో రినోవేషన్ వల్ల మా ఇంటికి జరిగిన నష్టం: ఎవరిని అడగాలి, ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: మూడో అంతస్తు నివాసి, నిజాంపేట, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మాది 18 ఏళ్ల కిందట కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, మొత్తం 20 ఫ్లాట్లు. మూడో అంతస్తులోని సొంత ఫ్లాటులో మా అమ్మానాన్నలు, నా భార్య, పిల్లలతో కలిసి ఉంటున్నాను. మా పై ఫ్లాటును గత ఏడాది చివర్లో ఒకరు పాత యజమాని దగ్గర కొనుక్కున్నారు. కొన్న వారు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నారు. ఇక్కడి వ్యవహారాలన్నీ ఆయన మామగారే చూసుకుంటున్నారు. గృహప్రవేశానికి ముందు రెండు బాత్‌రూములను పూర్తిగా పగలగొట్టి కొత్తగా కట్టించారు, హాల్లో పాత టైల్స్ తీయకుండా వాటి మీదనే మార్బుల్ వేయించారు. దాదాపు రెండు నెలల పాటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బ్రేకర్ మిషన్ల చప్పుడును, ఎవరి ఇల్లయినా ఒకప్పుడు బాగు చేయించుకోవలసిందే కదా అని, మేము ఓర్చుకున్నాము.

వాళ్లు ఇంట్లో చేరిన మూడు వారాలకు మా అమ్మగారి గదిలో, బాత్‌రూముకు ఆనుకుని ఉన్న గోడ పై భాగం చెమ్మగిల్లడం మొదలైంది. ఆ తర్వాత బాత్‌రూము ఫాల్స్ సీలింగు ఉబ్బి ఒక మూల ఊడిపడింది. గోడకు బిగించిన చెక్క అల్మారా వెనక భాగమంతా నాని, బూజు పట్టి, తలుపులు మూసుకోవడం లేదు. అందులో అమ్మ దాచుకున్న పట్టుచీరలు కొన్ని పాడైపోయాయి. ఇవి కాక హాల్లో శ్లాబు అడుగున ఫ్యాను దగ్గరి నుంచి గోడ వరకు ఒక పగులు, దూలానికీ గోడకూ మధ్య మరో పగులు కనిపిస్తున్నాయి. మాకు తెలిసిన మేస్త్రీని పిలిచి అంచనా వేయిస్తే సీలింగు ప్లాస్టరింగుకూ రంగులకూ కలిపి 52,000, అల్మారాకు 88,000, ఫాల్స్ సీలింగుకూ కరెంటు పనికీ 45,000, మొత్తం 1,85,000 రూపాయలని చెప్పాడు.

పై ఇంటి పెద్దాయన మొదట వచ్చి చూసి, నొచ్చుకుని, కాంట్రాక్టరుతో మాట్లాడతానన్నారు. కాంట్రాక్టరేమో ఇది పాత భవనమనీ, పైపులు ఎప్పటి నుంచో పాడై ఉంటాయనీ, తన పనిలో లోపం లేదనీ వాదించాడు. చివరికి పెద్దాయన 25,000 ఇస్తాము, ఇంతటితో వదిలేయండి అన్నారు. అసోసియేషన్ కార్యదర్శిని అడిగితే, ఇది రెండు ఫ్లాట్ల మధ్య విషయం కాబట్టి మీరూ మీరూ చూసుకోండని తప్పుకున్నారు. మా నాన్నగారూ ఆ పెద్దాయనా ఇంతకుముందు రోజూ సాయంత్రం కింద అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఇప్పుడు లిఫ్టులో ఎదురైతే ఇద్దరూ తలలు తిప్పుకుంటున్నారు. నాకు డబ్బు ఎంత ముఖ్యమో, ఆ ముఖాలు మళ్లీ కలవడమూ అంతే ముఖ్యం.

నా సందేహాలు ఇవి. లోపం పై ఇంటి పనిదేనని ఎలా నిరూపించాలి? యజమానిని అడగాలా, కాంట్రాక్టరును అడగాలా? ముందుగా మా ఇల్లు బాగు చేయించుకుని తర్వాత డబ్బు అడగవచ్చా? కోర్టుకు వెళ్లకుండా తేలే మార్గం ఉందా?

సమాధానం 1: విశ్రాంత సివిల్ ఇంజనీరు, విశాఖపట్నం

అయ్యా, మీ నాలుగు ప్రశ్నల్లో మొదటిది తేలితే తక్కిన మూడూ సగం తేలినట్లే. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో జరిగినవి రెండు వేర్వేరు సంగతులు. చెమ్మ ఒకటి, పగుళ్లు మరొకటి. రెండింటినీ ఒకే లెక్కలో కలిపి అడిగితే, రెండోదాని మీద వచ్చే అనుమానం మొదటిదాన్ని కూడా బలహీనపరుస్తుంది. ఇలాంటి గొడవలు చాలా చూశాను, ఎక్కువ భాగం ఇక్కడే చిక్కుబడ్డాయి.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. చెమ్మ పట్టిన గోడలోగాని సీలింగులోగాని కరెంటు వైర్లు ఉంటే ఆ గదికి కరెంటు వెళ్లే ఎంసీబీ స్విచ్చును ఆపివేసి, ఎలక్ట్రీషియన్ చూసి చెప్పేదాకా వేయకండి. అమ్మగారిని ఆ గదిలో పడుకోనివ్వకండి.

ఇక చెమ్మ సంగతి. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్‌రూము శ్లాబును మిగతా శ్లాబు కంటే కొంత దించి పోస్తారు, ఆ పల్లంలో డ్రైనేజీ పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తారు. నీళ్లు కిందికి దిగకుండా ఆపేది ఆ పల్లానికి అడుగునా చుట్టు గోడలకూ వేసిన వాటర్‌ప్రూఫింగ్ పొర. పాత బాత్‌రూమును బ్రేకరుతో పగలగొట్టినప్పుడు ఆ పొర చిరిగిపోవడం, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు డ్రైనేజీలోకి వెళ్లే జాలీ కింది భాగం) దగ్గరి అతుకు కదిలిపోవడం సర్వసాధారణంగా జరుగుతుంది. కొత్త పొర సరిగా వేయకుండా పైన ఎంత ఖరీదైన టైల్స్ పరిచినా ఆ నీళ్లు పల్లంలో నిలిచి, మెల్లగా మీ గోడలోకి ఊరుతాయి. వాళ్లు చేరిన మూడు వారాలకు మీ గోడ తడిసిందంటే నాకు ముందుగా ఇదే తోస్తోంది. అయితే తోచడం వేరు, తేలడం వేరు.

తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. చెమ్మ ఎప్పుడు పెరుగుతోందో వారం రోజులు వేళలతో సహా రాసి పెట్టుకోండి. రాత్రీ పగలూ ఒకే తీరున కారుతుంటే, ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే మంచినీటి పైపును అనుమానించాలి. పై బాత్‌రూముకు వెళ్లే వాల్వును ఒక రాత్రంతా మూసి ఉంచితే తేడా తెలుస్తుంది. వాళ్లు స్నానాలు చేసిన కొన్ని గంటలకు పెరుగుతుంటే నేలనూ ట్రాపునూ అనుమానించాలి. వాన కురిసినప్పుడే పెరుగుతుంటే అది బయటి గోడ లోపం, దానికి పై ఇంటివారిని నిందించకూడదు. పై అంతస్తులన్నిటి నుంచి దిగే నిలువు డ్రైనేజీ పైపు పగిలి ఉంటే అది ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ కాబట్టి బాగు చేయించే బాధ్యత అసోసియేషన్‌ది. మీ కార్యదర్శి గారు తప్పుకోవడం తొందరపాటని ఇందుకే అంటున్నాను. కారణం తేలకుండా ఇది రెండు ఫ్లాట్ల విషయమని ఆయనకు ఎలా తెలిసింది?

నేలను పరీక్షించాలంటే ట్రాపును గట్టిగా మూసి, బాత్‌రూములో అంగుళం ఎత్తు నీళ్లు నిలిపి, గోడ మీద గీత గీసి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. ఆ నీళ్లలో కాస్త రంగు కలిపితే, కింద కనిపించే తడి పై నీళ్లదేనా అన్న వాదనకు చాలావరకు తావుండదు. నేల గుండా నీళ్లు దిగకపోతే, రెండో రోజు ట్రాపు తెరిచి బకెట్లతో నీళ్లు వదిలి చూస్తే ట్రాపు సంగతి బయటపడుతుంది. పరీక్షకు పై ఇంటి పెద్దాయన, మీరు, వాళ్ల కాంట్రాక్టరు, అసోసియేషన్ నుంచి ఒకరు ఉండాలి. ఏ వేళకు ఏమి కనిపించిందో ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు చేయాలి. ఒక్కరే చేసుకున్న పరీక్షను రెండోవారు ఒప్పుకోరు, కలిసి చేసినదాన్ని ఎవరూ కాదనలేరు.

పగుళ్ల విషయంలో మీరు కొంచెం నిదానించాలి. దూలానికీ ఇటుక గోడకూ మధ్య వచ్చే పగులు ఎండకూ చలికీ అవి రెండూ వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల పాత ఇళ్లలో తరచుగా వస్తుంది. ఫ్యాను దగ్గరి నుంచి తిన్నగా గోడకు వెళ్లిన పగులు, శ్లాబులో పోసిన కరెంటు పైపు దారి వెంట ప్లాస్టరు చీలడం కావచ్చు. దూలం అడుగున ఇనుప కడ్డీల వెంట తుప్పు మరకతో వచ్చే పగులు, గోడ మీద ఏటవాలుగా పాకే పగులు మాత్రం ప్రమాదకరమైనవి. కర్రతో సీలింగును మెల్లగా తట్టి చూడండి. బోలు శబ్దం వస్తే ప్లాస్టరు శ్లాబును వదిలేసిందని అర్థం, దానికి బ్రేకరు అదురు కారణమై ఉండవచ్చు. పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి, మధ్యలో సన్నని గాజుముక్కను అడ్డంగా అంటించండి. నెల రోజుల్లో గాజు విరిగితే పగులు ఇంకా కదులుతున్నట్లు.

నాకు చెమ్మ కంటే ఎక్కువ ఆందోళన కలిగించినది పాత టైల్స్ మీద మార్బుల్ వేయడం. 20 మిల్లీమీటర్ల మార్బుల్ చదరపు మీటరుకు దాదాపు 54 కిలోలు తూగుతుంది. దాని కింద 50 మిల్లీమీటర్ల మందాన సిమెంటు మాలు వేస్తే మరో 100 కిలోలు. మన దేశంలో ఇళ్ల గదుల్లో మనుషులకూ సామానుకూ కలిపి భవనాల మీది భారాలకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు 2 కిలో న్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. ఆ భారంలో నాలుగింట మూడు వంతులకు పైగా కొత్త రాయీ మాలూ శాశ్వతంగా ఆక్రమించాయన్నమాట. శ్లాబు పడిపోతుందని నేను చెప్పడం లేదు. డిజైనులో కొంత వెసులుబాటు ఉంటుంది. కాని స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకరు వచ్చి శ్లాబును చూసి, ఫరవాలేదని కాగితం మీద రాసి ఇవ్వడం మీకే కాదు, పై ఇంటివారికీ అవసరమే.

సమాధానం 2: గృహిణి, విజయవాడ

నేను మీ పై ఇంటి పెద్దాయన స్థానంలో ఉన్న మనిషిని. అటువైపు నుంచి కూడా ఒక మాట వినాలని రాస్తున్నాను.

మూడేళ్ల కిందట మా బాత్‌రూము బాగు చేయించుకున్నాము. నెల తిరగకముందే కింది ఇంటి అక్కగారు వచ్చి గోడ తడుస్తోందని చెప్పారు. నేను వెంటనే మా మేస్త్రీ మాట నమ్మి, మాది కాదన్నాను. ఆమె మాట పెంచారు, నేనూ పెంచాను. నిజం చెప్పాలంటే నాకు ఆమె గోడ కంటే, ఇప్పుడే లక్షలు పోసి కట్టించిన బాత్‌రూమును మళ్లీ పగలగొట్టాలేమో అన్న భయమే ఎక్కువగా ఉండేది. మీ పెద్దాయన 25,000 ఇస్తానన్నది మీ నష్టానికి వెలకట్టి కాదనీ, అల్లుడి డబ్బుతో చేయించిన పని చెడిందని ఒప్పుకోవలసి వస్తుందన్న భయంతోననీ నాకు అనిపిస్తోంది. అందుకే ఆయనతో మొదటి మాట డబ్బు గురించి కాకుండా, కారుతున్న చోటును వెతకడం గురించి మాట్లాడండి. నీళ్లు ఆగకుండా మీకు లక్షా ఎనభై ఐదు వేలూ ఇచ్చినా, ఆరు నెలల్లో ఆ కొత్త అల్మారా కూడా నానిపోతుంది కదా.

మా విషయంలో చివరికి ఇద్దరికీ తెలిసిన ఒక ప్లంబరును, అతని కూలి చెరి సగం ఇచ్చి పిలిపించాము. మా గీజరు పైపు అతుకు దగ్గర సన్నగా కారుతోందని తేలింది. ఒకే టైలు తీస్తే సరిపోయింది. నేను భయపడినంత పని లేనేలేదు. ఆ తర్వాత డబ్బు గురించి కూర్చుంటే, ఆమె అడిగింది 60,000. వాళ్ల గోడ రంగు వేసి అప్పటికే తొమ్మిదేళ్లయింది. తడిసింది ఒక గోడే అయినా గది మొత్తానికి రంగులు వేయించే ఖర్చు రాశారు. ఒక గోడకే వేస్తే రంగు కలవదని ఆమె వాదన, పాత గదిని నా ఖర్చుతో కొత్తగా మార్చడం న్యాయమా అని నా వాదన. రెండింటిలోనూ నిజం ఉంది. ఆ గది మొత్తానికి రంగు ఖర్చులో మూడింట రెండు వంతులు, పాడైన చెక్కపనికి పూర్తిగా, మొత్తం 42,000కు ఒప్పుకున్నాము. అందులో 32,000 అప్పుడే ఇచ్చాను, ఒక వానాకాలం గడిచి గోడ పొడిగా ఉందని చూశాక మిగతా 10,000 ఇచ్చాను. మీ జాబితాలో కూడా ఏ వస్తువు వయసు ఎంత, ఏది పూర్తిగా పాడైంది, ఏది బాగవుతుంది అన్నది విడివిడిగా రాస్తే, పెద్దాయన దాన్ని చదువుతారు. మొత్తం అంకె ఒక్కటే చూపిస్తే బెదిరిపోతారు.

అమ్మగారి చీరలను మాత్రం జాబితాలో చివరన కాదు, మొదట రాయండి. అవి మళ్లీ కొనగలిగినవి కావు.

ప్రశ్న అడిగినవారు

ఇంజనీరు గారికీ, విజయవాడ అక్కగారికీ కృతజ్ఞతలు. హాల్లోని పగుళ్లను మా మేస్త్రీ అంచనాలోంచి విడదీసి చూస్తే, సీలింగుకు రాసిన 52,000లో 30,000 వాటికే ఉందని తెలిసింది. గాజుముక్కలు అంటించాము, నెల తర్వాత చూద్దాము. పై యజమాని అమెరికాలో ఉన్నందున, మామగారితో రాసుకున్న ఒప్పందం చెల్లుతుందా అన్నది, రాజీ కుదరకపోతే ఏమి చేయాలన్నది న్యాయవాదులెవరైనా చెబితే మేలు.

సమాధానం 3: న్యాయవాది, హైదరాబాద్

యజమానిని అడగాలా, కాంట్రాక్టరును అడగాలా అన్న మీ ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీకూ ఆ కాంట్రాక్టరుకూ మధ్య ఏ ఒప్పందమూ లేదు. మీరు అతనికి డబ్బు ఇచ్చిన వినియోగదారు కారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో అతని మీద మీరు ఫిర్యాదు చేయడానికి వీలుండదు. పని చేయించుకున్న పై యజమాని మాత్రం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, లోపం బయటపడి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు అతని మీద వెళ్లవచ్చు. అందుచేత మీరు మీ నష్టానికి యజమానిని అడగాలి, ఆయన తనకు పడిన భారాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. వ్యవహారం కోర్టుదాకా వెళితే, ఒకరి మీద ఒకరు నెట్టుకునే వీలు లేకుండా ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం మంచిది. ఈ సంగతిని పెద్దాయనకు నెమ్మదిగా చెప్పండి. కాంట్రాక్టరుకు ఇవ్వవలసిన ఆఖరి బాకీ ఏదైనా ఇంకా ఉంటే, పరీక్ష అయ్యేదాకా దాన్ని ఆపి ఉంచమనడం ఆయన మేలు కోరి చెప్పే మాటే.

ముందుగా బాగు చేయించుకోవచ్చా అన్నారు. సామాను పక్కకు తీయడం, ఊడిపడేలా ఉన్న సీలింగు ముక్కను తొలగించడం, కరెంటు ఆపడం వంటివి వెంటనే చేయండి. నష్టం పెరగకుండా జాగ్రత్తపడవలసిన బాధ్యత నష్టపోయినవారికీ ఉంటుంది, చూస్తూ ఊరుకుంటే ఆ పెరిగిన భాగానికి పరిహారం అడగలేరు. అయితే గోడ చెక్కి ప్లాస్టరు చేయించడం, అల్మారా తీసి పారేయడం మాత్రం ఉమ్మడి పరీక్ష కాగితం చేతికి వచ్చేదాకా ఆపండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం, పండుగకు బంధువులు వస్తారని గోడంతా బాగు చేయించి రంగులు వేసి, ఆ తర్వాత దావాకు వచ్చింది. చూపించడానికి గోడ మీద ఏమీ మిగలలేదు, వాళ్ల బాధ నిజమైనా నేను చేయగలిగింది చాలా తక్కువ. ఫోటోలు, వీడియోలు తీసిన ఫోనును భద్రంగా ఉంచండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ధ్రువపత్రం జతచేయాలి. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి తిరిగిన నకలు కంటే అసలు ఫైలు ఉండటం ఎంతో నయం.

రాజీ కాగితం మీద యజమాని స్వయంగా సంతకం చేయాలి, లేదా మామగారి పేర ఆయన రాసిన జీపీఏలో (తన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రంలో) ఇలాంటి వ్యవహారాలను పరిష్కరించే అధికారం ఉందో లేదో చదివి చూసుకోవాలి. కనీసం యజమాని నుంచి ఒప్పందం ప్రతిని జతచేసి, ఇది నాకు సమ్మతమే అని ఒక ఈమెయిల్ తెప్పించుకోండి. ఆ కాగితంలో కారణం ఏమని తేలిందో, పైన ఎవరు ఏ పని ఏ తేదీలోగా చేయిస్తారో, పని అయ్యాక మళ్లీ నీళ్లు నిలిపి ఎప్పుడు పరీక్షిస్తారో, డబ్బు ఎన్ని వాయిదాల్లో ఇస్తారో, మళ్లీ కారితే ఏమి చేస్తారో ఉండాలి. "ఇకపై ఎలాంటి హక్కూ లేదు" అన్న వాక్యం రాయమంటే, అది ఈ చెమ్మకు మాత్రమే వర్తిస్తుందనీ, హాలు పగుళ్లకూ శ్లాబు భారానికీ వర్తించదనీ స్పష్టంగా రాయించుకోండి. 25,000 తీసుకుని అలాంటి వాక్యం కింద సంతకం చేసి ఉంటే ఈపాటికి చిక్కుల్లో పడేవారు.

మాటలతో కుదరకపోతే తదుపరి మెట్టు లాయరు నోటీసు కావచ్చు, కాని అంతకంటే ముందు మీరే ఒక మర్యాదపూర్వకమైన లేఖను యజమానికి ఈమెయిల్‌గానూ, ఇక్కడి చిరునామాకు స్పీడ్ పోస్టులోనూ పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. దావా వేయకముందే ఇరుపక్షాలనూ పిలిపించి, రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో అవార్డు ఇస్తారు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షను ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పు ఉత్తర్వుతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కోర్టు ఫీజు కట్టనక్కరలేదు. మీలాంటి గొడవకు ఇంతకంటే తగిన చోటు నాకు కనిపించడం లేదు. అయితే అవతలివారు రాకపోయినా, ఒప్పుకోకపోయినా అక్కడ బలవంతం చేయరు.

అప్పుడు మిగిలేది సివిల్ దావా. సివిల్ ప్రక్రియా స్మృతి 26వ ఆర్డరు 9వ నియమం కింద అడ్వకేట్ కమిషనరును నియమించమని అడిగితే, ఆయన రెండు ఇళ్లూ చూసి, అవసరమైతే ఇంజనీరు సాయంతో కోర్టుకు నివేదిక ఇస్తారు. పైన పని ఇంకా సాగుతూ నష్టం పెరుగుతుంటే 39వ ఆర్డరు కింద తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కోరవచ్చు. పరిహారం కోరే దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది, రాజీ మాటల్లోనే ఆ కాలం కరిగిపోకుండా చూసుకోండి. పోలీసు స్టేషనుకు వెళ్లమని సలహా ఇచ్చేవారు ఉంటారు. కావాలని చేసిన నష్టం కానప్పుడు అది సివిల్ వ్యవహారమే అవుతుంది, పైగా ఒకసారి స్టేషను గడప తొక్కితే మీ నాన్నగారూ ఆ పెద్దాయనా మళ్లీ ఒక అరుగు మీద కూర్చోవడం కష్టం.

మీకు ఇంటి బీమా ఉందేమో కూడా చూసుకోండి. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో నీటి ట్యాంకులు, పైపులు పగలడం, పొంగడం వల్ల కలిగే నష్టానికి రక్షణ ఉంది. మెల్లగా ఊరిన చెమ్మను అందులోకి తీసుకుంటారా అన్నది కారణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, బీమా కంపెనీ సర్వేయరు వచ్చేలోగా గోడను తాకకండి.

సమాధానం 4: అపార్ట్‌మెంటు అసోసియేషన్ కార్యదర్శి, కూకట్‌పల్లి

మీ కార్యదర్శి గారి తరఫున నేను సిగ్గుపడుతున్నాను. నేనూ ఆ పదవిలో ఉన్నవాణ్ణే, నేనూ ఒకసారి అదే మాట అని తప్పుకున్నవాణ్ణే. అప్పుడు మా దగ్గర కింది ఇంటివారూ పై ఇంటివారూ ఏడాదిన్నర పాటు కొట్లాడుకున్నారు, ఒకరు మెయింటెనెన్స్ కట్టడం మానేశారు. కార్యవర్గంలో ఒక సభ్యుడు, పై ఇంటికి నీళ్లు ఆపేస్తే దారికి వస్తారన్నాడు. అది చట్టానికీ మానవత్వానికీ విరుద్ధమని చెప్పి ఆపాము. చివరికి తేలింది ఏమిటంటే, నీళ్లు కారింది ఇద్దరి ఇళ్ల నుంచీ కాదు, షాఫ్టులోని (పైపులు నిలువుగా దిగే సందులోని) ఉమ్మడి పైపు నుంచి. మొదటి వారంలోనే ఒక ప్లంబరును పిలిపించి షాఫ్టులోకి దింపి ఉంటే తెలిసిపోయేది.

మీరు అసోసియేషన్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి, నోటి మాటగా వద్దు. డబ్బు ఇప్పించమని అడగకండి, ఆ తీర్పు చెప్పే అధికారం మాకు ఉండదు. ఉమ్మడి పైపులను తనిఖీ చేయించమనీ, రెండు ఫ్లాట్లలో పరీక్షకు ఒక ప్రతినిధిని పంపమనీ, హాల్లో మార్బుల్ భారం భవనం మొత్తానికి సంబంధించినది కాబట్టి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించమనీ అడగండి. ఈ మూడూ కార్యవర్గం చేయవలసిన పనులే. సమాధానం రాకపోతే సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చమని రాయండి, మినిట్స్‌లో నమోదయ్యేలా చూడండి. మీ అసోసియేషన్ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, సంఘం వ్యవహారాల్లో సభ్యులకు వచ్చే వివాదాలకు 23వ సెక్షను కింద జిల్లా కోర్టును ఆశ్రయించే దారి కూడా ఉంది. అంతదాకా రానివ్వరనే నా నమ్మకం.

ఆ గొడవ తర్వాత మేము నియమావళిని సవరించాము. ఇప్పుడు ఎవరు పని మొదలుపెట్టాలన్నా పది రోజుల ముందు దరఖాస్తు ఇచ్చి, తిరిగి ఇచ్చే డిపాజిట్టుగా 50,000 కట్టాలి. పనికి ముందు కింది ఫ్లాటులోనూ పక్క ఫ్లాట్లలోనూ గోడలు, సీలింగు ఫోటోలు తీసి ఇరువురి సంతకాలతో భద్రపరుస్తాము. ఈ ఒక్క పని వల్లనే, పగులు పాతదా కొత్తదా అన్న వాదన మా దగ్గర మళ్లీ రాలేదు. బాత్‌రూములో శ్లాబును తాకేంత లోతున బ్రేకరు వాడనివ్వము, సుత్తీ ఉలితో చేయాలి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ వేయకముందు 48 గంటలు నీళ్లు నిలపాలి, కింది ఇంటివారు పొడిగా ఉందని సంతకం చేస్తేనే టైల్స్. పని ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకే. డిపాజిట్టులో ఇప్పటిదాకా ఎవరి సొమ్మూ పట్టుకోలేదు. ఈ నియమాల పట్ల మొదట గట్టిగా అభ్యంతరం చెప్పినవారే, తమ పై ఇంట్లో పని మొదలైనప్పుడు ఫోటోలు తీశారా అని ముందుగా అడిగారు.

ప్రశ్న అడిగినవారు: మూడు వారాల తర్వాత

ఇక్కడ చెప్పినట్లే చేశాము కాబట్టి ఏమైందో రాయడం నా బాధ్యత. పెద్దాయన దగ్గరికి నేను ఒక్కణ్ణే వెళ్లి, డబ్బు మాట ఎత్తకుండా, మామయ్య గారూ, ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కలిసి చూద్దాము అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత కాఫీ ఇచ్చారు. అసోసియేషన్ షాఫ్టులోని నిలువు పైపును తనిఖీ చేయించింది, అందులో లోపం లేదు. ఆదివారం అందరి ఎదుటా పై బాత్‌రూములో రంగు నీళ్లు నిలిపాము. 24 గంటలు గడిచినా కింద ఏమీ కనిపించలేదు, కాంట్రాక్టరు ముఖం వెలిగింది. మరునాడు ట్రాపు తెరిచి బకెట్లతో నీళ్లు వదిలాక, నాలుగు గంటలకు మా సీలింగులో ఆ రంగు తేమగా దిగింది. లోపం ట్రాపు అతుకుదేనని కాంట్రాక్టరు సహా ఐదుగురం సంతకాలు చేశాము. రెండో బాత్‌రూము కింద మాకు చెమ్మ లేదు, దాన్ని ముట్టుకోలేదు.

హాలు పగుళ్లను నేను ప్రస్తుతానికి జాబితాలోంచి తీసేశాను, గాజుముక్కలు ఇంకా విరగలేదు. మార్బుల్ సంగతి చూడటానికి వచ్చే నెల స్ట్రక్చరల్ ఇంజనీరు వస్తున్నారు, ఫీజు అసోసియేషన్ ఇస్తోంది. మిగిలిన 1,55,000లో అల్మారా 12 ఏళ్ల నాటిదని మేమే తగ్గించి రాసిన జాబితాను యజమాని అమెరికా నుంచి చూసి, ఇంకా ఒక అంకె చెప్పలేదు గాని, ఒప్పందం మీద తానే సంతకం చేస్తానని ఈమెయిల్ పంపారు. కాంట్రాక్టరు సోమవారం నుంచి ఆ ట్రాపును తీసి మళ్లీ బిగిస్తాడు. పల్లంలో ఇప్పటికే నిలిచిన నీళ్లు పూర్తిగా ఇంకడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పారు కాబట్టి, గోడ ఆరేదాకా ప్లాస్టరు పని పెట్టుకోవడం లేదు. రెండో పరీక్ష వచ్చే శనివారం. అమ్మ గది ఖాళీ చేసి, ఆమె మంచాన్ని హాల్లోకి మార్చాము.